కోరుట్ల వెళ్తున్న బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

ఉద్యోగం మానేసి కోరుట్లలో బీడీ కార్మికుల సంఘానికి పూర్తికాలం కార్యకర్తగా వెళ్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పి ఏడ్చాడు. నేను మాత్రం ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

నీళ్లు కాచి తాగు. వేళకు తిను. వెయ్యి బీడీల కూలి లెక్క నోటికి వచ్చేదాకా కార్ఖానా ముందు మైకు పట్టుకోకు. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లకు ఆ లెక్క నీకన్నా బాగా తెలుసు.

ఇక అసలు సంగతి. 2011లో తెలంగాణ రాష్ట్రం కోసం చేసిన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. మా వైపు శిబిరాల బాధ్యత నాది. మూడో వారంలో ఒక కుర్రవాడు, జ్వరంగా ఉంది, రెండు రోజులు ఇంటికి వెళ్లొస్తానన్నాడు. చేతిలో చందాల పుస్తకం, దాని అట్ట చెమటకు మెత్తబడిపోయింది. "సమ్మెకు సెలవులుంటాయా? ఆత్మవిమర్శ రాసుకుని రా" అన్నాను, అందరి ముందూ. వాడు నిజంగానే రాశాడు. 'నాలో సుఖలాలస పెరిగింది' అని ఒక పేజీ. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి. చదివి, సంతకం పెట్టించుకుని, ఫైలులో పెట్టాను. నాలుగో రోజు శిబిరంలోనే పడిపోయాడు. డెంగీ.

అప్పుడు నేనూ మోకాళ్ల నొప్పికి గోలీలు మింగుతూ తిరుగుతున్నాను. నాకు లేని విశ్రాంతి వాడికెందుకని కడుపుమంట. దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను.

బతికాడు. మళ్లీ ఏ సమావేశానికీ రాలేదు. కిందటేడు బస్టాండులో కనిపించి, "బీపీ గోలీలు వేసుకుంటున్నారా అన్నా?" అని అడిగాడు. వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాను.

నీ పైనా నాలాంటివాడు ఒకడుంటాడు. చెడ్డవాడేమీ కాడు. ఇంటికి వెళ్లాలంటే కమిటీలో పెట్టాలంటాడు. ఒంట్లో బాగా లేనప్పుడు పెట్టకు, చెప్పి బయలుదేరు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు ఇస్తారు. ఆ కార్డు మాత్రం ఆఫీసు బీరువాలో పెట్టనివ్వకు. ఎవరడిగినా సరే. వింటున్నావా?

మీ పెద్దమ్మ సకినాలు చేసి డబ్బా నిండా పంపుతోంది. అన్నీ పంచిపెట్టకు.

మీ పెదనాన్న