బెంగాల్ పటచిత్రం ఎక్కడ కొనాలి? కొనేముందు పాట వినండి

బెంగాల్ పటచిత్రం అంటే పాట పాడుతూ విప్పి కథ చూపించే చుట్టపటం. దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చాలా, లేక గీసేవాళ్ల ఊరిదాకా వెళ్లాలా అని కొందరు అడుగుతుంటారు. వీలుంటే వెళ్లండి. మాది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్, తాతగారు రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, అందుకే ఈ పటాలు గీసే చిత్రకారులుండే నయా ఊరు, పింగ్లా దగ్గరిది, మాకు దూరం కాదు. లోకల్ రైల్లో బాలీచక్‌లో దిగి అక్కణ్ణుంచి బండి మాట్లాడుకోవాలి.

మొదటిసారి నేను కోల్‌కతాలో ఒక దుకాణంలో కొన్నాను. చేతిపనే అన్నారు. ఇంటికొచ్చి చూస్తే ప్రింటు! చాలా బాధేసింది. చుట్టపటం కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, అసలుదానికి కాగితం వెనక గుడ్డ అంటించి ఉంటుంది, చాలాసార్లు పాత చీర ముక్కే.

తర్వాత నయా వెళ్లాను. ఒక పెద్దావిడ నేల మీద కూర్చుని పాముల దేవత మనసాదేవి పటం విప్పుతూ పాట ఎత్తుకుంది. ఒక్కో బొమ్మ దగ్గర వేలు ఆగుతోంది, పాట ముందుకెళ్తే వేలూ కిందికి జారుతోంది, పాము కరిచి చనిపోయిన లఖీందర్‌ని తెప్ప మీద పెట్టుకుని అతని భార్య బెహులా నదిలో సాగిపోయే చోటికి వచ్చేసరికి ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. ఆ ఊరి చిత్రకారుల్లో ఎక్కువమంది ముస్లింలు, ఈ కథ వాళ్లకి తరాలుగా వస్తున్నదే. 2004 సునామీ మీద కూడా పటాలు గీసి పాటలు కట్టారు.

మన చేర్యాలలో బొమ్మ వేసేది నకాషీలు, ఆ పటం పట్టుకుని కథ చెప్పేది వేరే కులాలవాళ్లు. నయాలో అయితే గీసిన మనిషే పాడాలి. అందుకే పాట వినకుండా కొంటే సగమే కొన్నట్టని నాకనిపిస్తుంది.

రంగులు ఎలా చేస్తారో కూడా అడగండి, ఓపిగ్గా చూపిస్తారు. నీలానికి శంఖుపూలు, పసుపు రంగుకి వంటింటి పసుపే, నలుపుకి దీపం మసి. కొబ్బరి చిప్పల్లో మారేడుకాయ జిగురు పోసి కలుపుతారు, ఆ జిగురు వల్లే రంగు కాగితాన్ని పట్టుకుంటుంది.

నవంబర్‌లో పట్ మాయా ఉత్సవం జరుగుతుంది, ఊళ్లో గోడలన్నీ బొమ్మలే. కానీ తీరిగ్గా కూర్చుని వినాలంటే మామూలు రోజుల్లోనే వెళ్లండి. బేరం మరీ గట్టిగా ఆడకండి. ఇంటికి తెచ్చేటప్పుడు మడత పెట్టకుండా చుట్టే తీసుకురండి.

పాట రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే ఆ పెద్దావిడ సరేనంది. ఇప్పుడు ఇంటికి చుట్టాలొస్తే మా అమ్మ పటం దించి, ఫోన్‌లో ఆ పాట పెట్టి, తనే వేలు పెట్టి కథ చూపిస్తుంది.