ఒకే ఇంజెక్షన్‌కు రెండు రకాల డోప్ ఫలితాలు

ప్రశ్న: పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఒకే మోతాదులో తీసుకున్న ఇద్దరిలో ఒకరు మూత్ర పరీక్షలో దొరికిపోయారనీ, రెండోవారి ఫలితం మామూలుగానే వచ్చిందనీ, ఆ తేడాకు కారణం జన్యువులేననీ చదివాను. అదే నిజమైతే డోప్ పరీక్షలకు ఇక విలువేముంది?

జవాబు: మీరు చదివినది నిజమే. అయితే అది మూత్రంలో చూసే ఒక నిష్పత్తికి సంబంధించిన మాటే తప్ప, డోప్ పరీక్షలన్నిటికీ వర్తించేది కాదు.

స్టానోజొలాల్ వంటి కృత్రిమ స్టెరాయిడ్‌ను మన శరీరం తయారు చేసుకోదు కాబట్టి, దాని ఆనవాలు మూత్రంలో రవ్వంత కనిపించినా అది బయటినుంచి వచ్చిందని తేల్చవచ్చు. టెస్టోస్టెరాన్ సంగతి వేరు. అది ప్రతి మనిషిలోనూ ఉంటుంది, ఉండాలి కూడా. కనుక అది ఉందా లేదా అని కాక, ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉందా అని చూడవలసి వస్తుంది. ఈ చిక్కుకు పరిష్కారంగా జర్మనీలోని కొలోన్‌లో పనిచేసిన మన్‌ఫ్రెడ్ డోనికె 1980ల మొదట్లో టెస్టోస్టెరాన్‌ను ఎపిటెస్టోస్టెరాన్‌తో పోల్చి చూసే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఎపిటెస్టోస్టెరాన్ కూడా శరీరంలో తయారయ్యేదే. నిర్మాణంలో టెస్టోస్టెరాన్‌కు అద్దంలో ప్రతిబింబంలా కాకపోయినా ఒక్క చోట మాత్రమే తేడా ఉన్న తోబుట్టువు అనవచ్చు. కండరాలను పెంచే గుణం దీనికి లేదు. బయటినుంచి టెస్టోస్టెరాన్ ఎక్కించుకున్నంత మాత్రాన ఇది పెరగదు, పైగా మెదడునుంచి వృషణాలకు వెళ్లే సంకేతం మందగించడం వల్ల తగ్గుతుంది కూడా. కాబట్టి మందు వాడిన మనిషిలో ఈ రెండింటి నిష్పత్తి పైకి ఎగబాకుతుంది. చాలామంది పురుషులలో సహజంగా ఇది 1కి అటూ ఇటూగా ఉంటుంది. మొదట 6 దాటితే అనుమానించేవారు, 2005 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) ఆ హద్దును 4కు తగ్గించింది.

ప్రయోగశాలలో ఈ నిష్పత్తిని ఎలా చూస్తారో తెలిస్తే జన్యువు ఎక్కడ అడ్డం తగులుతుందో అర్థమవుతుంది. టెస్టోస్టెరాన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టుగా మూత్రంలోకి పంపడం శరీరానికి కష్టం. అందుకని ప్రధానంగా కాలేయంలో దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేలా చేసి పంపుతుంది. ప్రయోగశాలలో చేసేది దీనికి సరిగ్గా విరుద్ధమైన పని. మూత్ర నమూనాకు ఒక ఎంజైమ్ కలిపి ఆ ఆమ్లాన్ని మళ్లీ విడగొడతారు. విడివడిన స్టెరాయిడ్లను రసాయనికంగా మార్చి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్ కలిసి ఉన్న యంత్రంలోకి పంపుతారు. తెరపై ముందు ఎపిటెస్టోస్టెరాన్ శిఖరం, దాని వెనకే టెస్టోస్టెరాన్ శిఖరం లేస్తాయి. ఆ రెండింటి కొలతలనుంచే నిష్పత్తి వస్తుంది.

టెస్టోస్టెరాన్‌కు ఆ ఆమ్లాన్ని తగిలించే పని ఎక్కువగా యూజీటీ2బీ17 అనే ఎంజైమ్‌ది. ఎపిటెస్టోస్టెరాన్‌ను చూసుకునేది వేరే ఎంజైమ్, యూజీటీ2బీ7. మొదటి ఎంజైమ్‌ను తయారు చేసే జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా రావాలి. కొందరిలో ఒకే ప్రతి ఉంటుంది, మరికొందరిలో ఒక్కటీ ఉండదు. ఇది చెడిపోయిన జన్యువు కాదు, మొత్తంగా లోపించిన జన్యువు. అలాగని వారికి జబ్బేమీ ఉండదు. రక్తంలో టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటుందనీ అనుకోకూడదు. అది ఆండ్రోస్టెరాన్, ఎటియోకొలనొలోన్ వంటి రూపాలలోకి మారి వేరే దారుల్లో బయటికి పోతుంది. పరీక్షలో కొలిచే ఆ ఒక్క రూపంలో మాత్రం చాలా తక్కువగా కనిపిస్తుంది.

స్వీడన్‌లోని కరొలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఈ సంగతిని 2006లో వెల్లడించారు. రెండు ప్రతులూ లేనివారు తాము పరిశీలించిన కొరియా పురుషులలో దాదాపు 67 శాతం, స్వీడన్ పురుషులలో సుమారు 9 శాతం ఉన్నారని వారు చూపారు. మీరు చదివినది బహుశా 2008లో వెలువడిన తర్వాతి ప్రయోగం గురించి అయి ఉండాలి. అందులో 55 మంది పురుషులకు 500 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్‌ను ఒక్కసారి ఇంజెక్షన్‌గా ఇచ్చి, 15 రోజులపాటు మూత్రాన్ని గమనించారు. నిష్పత్తిలో పెరుగుదల రెండు ప్రతులూ ఉన్నవారిలో, ఒక్కటీ లేనివారికన్నా సగటున 20 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఒక్కటీ లేనివారిలో 40 శాతం మందికి ఆ 15 రోజుల్లో ఏనాడూ నిష్పత్తి 4ను చేరలేదు. అంటే ఆ హద్దునే నమ్ముకుని ఉంటే, మందు శరీరంలో ఉండగానే వారు నిర్దోషులుగా బయటికి నడిచివచ్చేవారు.

లెక్కగా చూద్దాం. ఒకరి సహజ నిష్పత్తి 1.2, మరొకరిది 0.1 అనుకోండి. ఇద్దరిలోనూ అది పది రెట్లు పెరిగిందనుకున్నా మొదటివారిది 12 అవుతుంది, రెండోవారిది 1 దగ్గరే ఆగుతుంది. ఆ 1 అన్నది చాలామంది సాధారణ పురుషుల అంకె! అందరికీ ఒకే హద్దు అనేది వినడానికి సమన్యాయంలా ఉంటుంది గానీ, ఇక్కడ దానివల్ల జరిగింది అసమానతే అని నా అభిప్రాయం.

అందుకే ఇప్పుడు నిష్పత్తి 4 దాటిందా అన్న ఒక్క విషయంతో ఆగిపోరు. అథ్లెట్ జీవ పాస్‌పోర్టులో స్టెరాయిడ్ల విభాగం 2014లో మొదలైంది. అందులో ఒక్కో క్రీడాకారుడి నమూనాల ఫలితాలను ఏళ్ల తరబడి వరుసగా నమోదు చేస్తారు. తొలి నమూనాకు జనాభా మొత్తానికి చెందిన విశాలమైన పరిధే ఆధారం. నమూనాలు పోగయ్యేకొద్దీ ఒక గణిత పద్ధతి ఆ పరిధిని ఆ వ్యక్తికి తగ్గట్టు కుదిస్తుంది. ఎప్పుడూ 0.1 దగ్గర ఉండే మనిషికి ఒకనాడు 0.9 వస్తే, అది 4కు ఎంత దూరంలో ఉన్నా, గంట మోగుతుంది. ఇతర స్టెరాయిడ్ల నిష్పత్తులను కూడా పక్కనే చూస్తారు కాబట్టి ఒకటి కదలకపోయినా మరొకటి కదిలే అవకాశం ఉంది. ఇది లోపం లేని పద్ధతి అనను. జన్యువు లేనివారిలో ఈ కదలిక చిన్నది కావడం వల్ల, కొద్ది మోతాదులో పూసుకునే జెల్ వంటివాటిని పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే.

ప్రశ్న: మా అబ్బాయి పరుగు పందేలలో పాల్గొంటున్నాడు. ఏ మందూ వాడకపోయినా పుట్టుకతోనే ఈ నిష్పత్తి ఎక్కువగా ఉంటే వాడిపై నిషేధం పడుతుందా?

జవాబు: ఆ అంకె ఒక్కదానితోనే పడదు. జన్యువు ప్రతులు ఉండి, ఎపిటెస్టోస్టెరాన్ సహజంగా తక్కువగా తయారయ్యేవారిలో నిష్పత్తి ఏ మందూ లేకుండానే 4 దాటవచ్చు. మద్యం సేవించినా కొంతసేపు పెరుగుతుంది. నమూనాలో సూక్ష్మజీవులు పెరిగినా కొలతలు తప్పుతాయి. అందుకే ప్రయోగశాలలు ఈ రెండింటి ఆనవాళ్లనూ విడిగా వెతుకుతాయి.

అనుమానం వచ్చిన నమూనాను కార్బన్ ఐసోటోపుల పరీక్షకు పంపుతారు. మందుల పరిశ్రమలో టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగా సోయా వంటి మొక్కల పదార్థాలనుంచి తయారు చేస్తారు. ఈ మొక్కలలో కార్బన్-13 (మామూలు కార్బన్‌కన్నా కాస్త బరువైన ఐసోటోపు, అంటే కార్బన్‌కే మరో రూపం) కాస్త తక్కువ. మనిషి తినే ఆహారంలో మొక్కజొన్న, చెరకు వంటి వేరే జాతి మొక్కలనుంచి వచ్చే కార్బన్ కూడా కలుస్తుంది కాబట్టి, శరీరం సొంతంగా చేసుకున్న స్టెరాయిడ్లలో కార్బన్-13 కొంత ఎక్కువగా ఉంటుంది. అదే వ్యక్తి మూత్రంలోని మరో సహజ స్టెరాయిడ్‌తో పోల్చి చూసినప్పుడు, టెస్టోస్టెరాన్‌కు కార్బన్ వేరే మూలంనుంచి వచ్చిందో లేదో తెలుస్తుంది. ఎవరి జన్యువులు ఎలాంటివైనా ఈ కొలత మారదు. మూత్రంలో టెస్టోస్టెరాన్ మరీ తక్కువగా ఉన్నప్పుడు కొలవడం కష్టమవుతుంది, అంతే. సహజంగా అధిక నిష్పత్తి ఉన్న నిర్దోషికి పాస్‌పోర్టు కూడా రక్షణే. ఏళ్ల తరబడి అదే అంకె స్థిరంగా వస్తుంటే అది తన సహజ స్థితేనని ఆ నమోదులే చెబుతాయి. కనుక నమూనాల సేకరణను మీ అబ్బాయి వేధింపుగా అనుకోకుండా ఉండటమే మంచిది. వైద్యుడు రాసిచ్చినవీ, సప్లిమెంట్లూ సహా వాడుతున్న ప్రతిదాన్నీ నమూనా ఇచ్చేటప్పుడు పత్రంలో రాయించాలి.

ప్రశ్న: మహిళా క్రీడాకారులకూ ఇదే కొలత సరిపోతుందా?

జవాబు: అంత బాగా సరిపోదు. మహిళల మూత్రంలో టెస్టోస్టెరాన్, ఎపిటెస్టోస్టెరాన్ రెండూ చాలా తక్కువ పరిమాణంలో ఉంటాయి. ఆ రెండింటి నిష్పత్తి కట్టేటప్పుడు కొలతలో చిన్న తేడా వచ్చినా ఫలితం పెద్దగా మారిపోతుంది. ఋతుచక్రంతో పాటు ఎపిటెస్టోస్టెరాన్ హెచ్చుతగ్గులకు లోనవుతుంది. గర్భనిరోధక మాత్రలు దాన్ని తగ్గించడంతో, టెస్టోస్టెరాన్ ఏమాత్రం పెరగకుండానే నిష్పత్తి పెరిగినట్టు కనిపిస్తుంది. వీటికి యూజీటీ2బీ17 జన్యువు లేకపోవడం కూడా తోడైతే మూత్రంలో టెస్టోస్టెరాన్ కొలవగలిగే స్థాయికి కూడా చేరకపోవచ్చు. ఈ ఇబ్బంది మూత్రానిదే కనుక చూపు రక్తం వైపు మళ్లింది. రక్తంలో టెస్టోస్టెరాన్‌నూ, శరీరంలోనే తయారయ్యే మరో స్టెరాయిడ్ ఆండ్రోస్టెన్‌డయోన్‌నూ కొలిచి పాస్‌పోర్టులో చేర్చే విధానం 2023లో అమలులోకి వచ్చింది. ఆ జన్యువు ప్రభావం రక్తంలోని స్థాయిలపై అంతగా పడదు.

ప్రశ్న: అలాంటప్పుడు క్రీడాకారులందరికీ ముందే జన్యు పరీక్ష చేస్తే పోతుంది కదా? లేదంటే ఆ జన్యువు లేనివారు ధైర్యంగా మందు వాడేయరూ?

జవాబు: జన్యువును బట్టి వేర్వేరు హద్దులు పెట్టవచ్చని 2008 నాటి పరిశోధకులు సూచించారు. కానీ జన్యు సమాచారం ఒకరి కుటుంబానికీ, వంశానికీ సంబంధించినది. దాన్ని అడగకుండానే, స్వల్పంగా ఉండే నిష్పత్తిని పాస్‌పోర్టులో చూసి ఆ వ్యక్తికి తగిన పరిధిని నిర్ణయించగలుగుతున్నప్పుడు, అందరి జన్యువులనూ తవ్వి తీయడం నాకు సబబుగా తోచదు. ఇక ధైర్యం సంగతి. ఇంజెక్షన్‌లో ఉండే టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ వంటి ఎస్టర్‌ను (టెస్టోస్టెరాన్‌కు ఒక ఆమ్లాన్ని జోడించి తయారు చేసిన రూపాన్ని) మానవ శరీరం తయారు చేయదు. ఎండిన రక్తపు చుక్కలో అది కొద్దిపాటిగా కనిపించినా తప్పించుకునే మాట లేదు, ఆ పరీక్షకు యూజీటీ2బీ17తో పనే లేదు.