టెక్ సందేహాలు: ఆపి ఉంచిన కారులో బ్యాటరీ ఎక్కడ ఖర్చవుతోంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. కారు ఇంటి దగ్గరే ఉంటుంది, శని, ఆదివారాల్లో మాత్రమే తీస్తాను. రెండు నెలలుగా శనివారం పొద్దున సెల్ఫ్ తీసుకోవడం లేదు. పక్కింటి వాళ్ల బండి నుంచి జంపర్ కేబుల్ వేయాల్సి వస్తోంది. 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీ, వేయించి ఏడాది కూడా కాలేదు. ఈ మధ్య ఆండ్రాయిడ్ స్టీరియో, డ్యాష్‌క్యామ్ పెట్టించాను. మెకానిక్ బ్యాటరీ మార్చేయమంటున్నాడు. మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన చివరి రెండు వస్తువుల మీదే నా అనుమానం. అయినా పరీక్ష చేసి తేల్చుకుందాం.

తాళం వేసిన కారు కూడా అలారానికి, గడియారానికి, రిమోట్ లాక్‌కు కొంచెం కరెంటు వాడుతూనే ఉంటుంది. మొత్తం 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉంటే మామూలే. ఆ లెక్కన ఐదు రోజులకు 6 ఏహెచ్ పోతుంది. నిండుగా ఉన్న మీ బ్యాటరీకి అదేం పెద్ద దెబ్బ కాదు. అదే 200 మిల్లీ ఆంపియర్లయితే ఐదు రోజుల్లో 24 ఏహెచ్ ఖాళీ. సెల్ఫ్ కొట్టడానికి ఇక ఏం మిగులుతుంది? పైగా శని, ఆదివారాల్లో ఊళ్లోనే పది నిమిషాలు తిరిగి ఆపేస్తుంటే బ్యాటరీ అసలు నిండదు.

మొదటి పరీక్షకు ఒక స్పానర్ చాలు. చాలా కార్లకు 10 నంబర్‌ది సరిపోతుంది. ముందు బ్యాటరీని చార్జర్‌తో పూర్తిగా నింపించండి. ఆదివారం రాత్రి నెగెటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టండి. శనివారం మళ్లీ బిగించి సెల్ఫ్ కొట్టండి. స్టార్టయితే బ్యాటరీ బాగుంది, కారులోనే ఏదో కరెంటు లాగుతోంది. కాకపోతే బ్యాటరీయే పోయింది, వారంటీ కార్డు వెతకండి. మే నెల ఎండలకు మన దగ్గర బ్యాటరీలు ముందే దెబ్బతింటాయి. మాటిమాటికీ పూర్తిగా డౌన్ అయితే కొత్తదైనా పాడవుతుంది. ఒక జాగ్రత్త: టెర్మినల్ తీశాక రిమోట్ పనిచేయదు. తలుపు తెరిచే మామూలు తాళంచెవి చేతిలో ఉండాలి.

తప్పు కారులోనే అని తేలితే మల్టీమీటర్ తెప్పించండి. మీటర్ ఎర్ర వైరును దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, విప్పిన నెగెటివ్ కేబుల్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటర్ కలపాలి. మీటర్ అలా ఉండగా తాళం తిప్పారో, లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది. తలుపు తెరిచి పనిచేయాలంటే దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితిలోకి నొక్కండి, లేకపోతే లోపలి లైటు వెలుగుతూనే ఉంటుంది. కీలెస్ బండి అయితే రిమోట్‌ను ఇంట్లో దూరంగా పెట్టండి. గేటు పక్క మేకుకు తగిలిస్తే కొన్ని కార్లు దాన్ని పసిగట్టి మాటిమాటికీ మేల్కొంటాయి.

ఇక కాసేపు ఆగాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కలపగానే 2, 3 ఆంపియర్లు కనిపించినా కంగారు పడొద్దు. కారులోని కంప్యూటర్లు నిద్రలోకి వెళ్లడానికి 20 నుంచి 40 నిమిషాలు పట్టొచ్చు. టీ తాగి రండి. ఆ తర్వాత కూడా 200, 300 మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంటే అదే మనం వెతికేది.

ముందు డ్యాష్‌క్యామ్ వైరు పీకండి. పార్కింగ్ మోడ్‌లో రాత్రింబవళ్లు రికార్డు చేస్తుంటే అంత కరెంటు లాగగలదు. అదే కారణమైతే పార్కింగ్ మోడ్ ఆపేయండి, లేదా దాని కిట్‌లో తక్కువ వోల్టేజీ కటాఫ్ (బ్యాటరీ వోల్టేజీ పడిపోతే కెమెరాను ఆపేసే ఏర్పాటు) ఉంటే 12.2 వోల్టులకు పెట్టండి. తర్వాత స్టీరియో. దానికి పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు వైరు తాళం తిప్పితేనే కరెంటు రావాల్సింది. తొందరలో రెండూ కలిపి చుట్టేసే ఫిట్టర్లు ఉన్నారు. అప్పుడు తెర ఆరినా సెట్టు లోపల నిద్రపోదు. ఎరుపు వైరును సరైన చోట కలిపిస్తే అయిపోతుంది, బ్యాటరీ కొనే పనే లేదు.

రెండూ కాకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి. ఏ ఫ్యూజ్‌కు పడిందో ఆ లైన్‌లోనే తప్పు: ఆరని డిక్కీ లైటో, అతుక్కుపోయిన రిలేనో (కరెంటుతో పనిచేసే స్విచ్). అన్నీ తీసినా తగ్గలేదంటే ఆల్టర్నేటర్‌లో (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపేది) డయోడ్ పోయి ఉండొచ్చు, అది ఆటో ఎలక్ట్రీషియన్ పని.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నా. మా ఇంటి వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటర్‌ను (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) కారు బ్యాటరీ కేబుల్‌కు తగిలిస్తే సున్నా చూపించింది. లీకేజీ లేనట్టేనా?

జవాబు: కాదు. ఇంటి పనికి వాడే క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ కరెంటునే కొలుస్తాయి. కారులో ఉండేది డీసీ. మీటర్ మీద డీసీ ఆంపియర్ల గుర్తు ఉందేమో చూడండి. ఉన్నా 400 ఆంపియర్ల రేంజ్ మీటర్‌కు 0.2 ఆంపియర్ దాదాపు ఆనదు. మిల్లీ ఆంపియర్లు చూపే డీసీ క్లాంప్ ఖరీదెక్కువ, ఒక్కసారి పనికి కొనొద్దు. మామూలు మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల్లో పెట్టి, ఫ్యూజ్ పైన కనిపించే రెండు లోహపు చుక్కలకు తాకించండి. సున్నా రాకుండా ఏదైనా అంకె వస్తే ఆ ఫ్యూజ్ గుండా కరెంటు పోతున్నట్టే. ఫ్యూజులు పీకనక్కర్లేదు, నిద్రపోయిన కంప్యూటర్లూ మేల్కోవు.