డాక్టర్ సలహా: 67 ఏళ్ల వయసులో ఇన్సులిన్ నేనే చేసుకోగలనా?

ప్రశ్న: నా వయసు 67. విజయవాడ సత్యనారాయణపురంలో పెద్దబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. షుగర్ వచ్చి 14 ఏళ్లు. నాలుగేళ్లుగా 30/70 ఇన్సులిన్ పొద్దున 22 యూనిట్లు, రాత్రి 14 యూనిట్లు తీసుకుంటున్నాను. మావారు ఉన్నన్నాళ్లూ ఆయనే సూది చేసేవారు. ఆయన పోయి ఏడాదైంది. ఇప్పుడు కోడలు పొద్దున ఏడున్నరకు చేస్తోంది. పిల్లల స్కూలు, వాళ్ల ఆఫీసుల హడావిడిలో నాకు ముందు టిఫిన్ పెట్టమని అడగలేను. అందరూ వెళ్లాక తొమ్మిదిన్నరకు తింటాను. తొమ్మిదింటికే చెమటలు, వణుకు వస్తున్నాయి. ఒకసారి చూస్తే 64 ఉంది. బిస్కెట్లు తింటే తగ్గింది. మధ్యాహ్నం చూస్తే 280. హైదరాబాద్ నుంచి అమ్మాయి రోజూ ఫోన్ చేసి ‘ఇవాళ ఎంత?’ అంటుంది. కోప్పడుతుందని తగ్గించి చెబుతున్నాను, పుస్తకంలోనూ అలాగే రాస్తున్నాను. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష (HbA1c)లో 9.2 వచ్చింది. ఏం చేసినా తగ్గదేమో అనిపిస్తోంది. సూది నేనే చేసుకోవడం ఈ వయసులో నేర్చుకోగలనా?

జవాబు: నేర్చుకోగలరమ్మా. అంతకన్నా ముందు రేపటి నుంచే మారాల్సింది ఒకటుంది, అది టిఫిన్ వేళ. మీరు వాడే ఇన్సులిన్‌లో 30 శాతం త్వరగా పనిచేసే రకం. సూది చేసిన అరగంటకు అది పని మొదలుపెడుతుంది, రెండు మూడు గంటలకు బాగా ఉధృతంగా ఉంటుంది. ఏడున్నరకు సూది పడ్డాక తొమ్మిదిన్నర దాకా కడుపులో ఏమీ లేకపోతే షుగర్ పడిపోక తప్పదు. ఆ భయంతో గుప్పెడు బిస్కెట్లు, వాటి మీద టిఫిన్. పైగా షుగర్ పడినప్పుడు దాన్ని లేపడానికి ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు విడుదలై, కాలేయంలో దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతాయి. మీ మధ్యాహ్నపు 280కి దారి ఇదే. మీ ఒళ్లు మొండికేయలేదు. కోడలిని అడగడానికి మొహమాటపడ్డారు, అంతే.

కాబట్టి ఇవాళే ఆమెతో, ‘సూది చేసిన అరగంటలో నేను తినాలటమ్మా, మొదటి వాయి ఇడ్లీ నాకు పెట్టు’ అని చెప్పండి. ఇది గారాబం కాదు, మందు వాడే పద్ధతిలో భాగం. లెక్కలు చూసుకోకుండా పాటించాలంటే ఇడ్లీ పాత్ర పొయ్యి మీదకు ఎక్కాకే సూది చేయించుకోండి. ఏ రోజైనా టిఫిన్ ఆలస్యమవుతుందని తెలిస్తే సూదిని కూడా అప్పటిదాకా ఆపండి. రాత్రి డోసుకూ ఇదే నియమం. కార్తిక సోమవారాల్లో చుక్క పొడిచే దాకా ఉపవాసం ఉండి మామూలు డోసు వేసుకోవడం మాత్రం చాలా ప్రమాదం. అలాంటి రోజుల గురించి ముందే మీ డాక్టర్‌ను అడగండి.

వణుకు, చెమటలు, కళ్లు మసకబారడం, కారణం లేని చిరాకు, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా మీటర్‌తో చూసుకోండి. మీటర్ దగ్గర లేకపోతే ఆగకుండా పంచదార నీళ్లు తాగేయండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. బిస్కెట్లు వద్దు, వాటిలోని పిండి, నూనె వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది, ఈలోగా మనం పది తినేస్తాం. 15 నిమిషాలాగి మళ్లీ చూసి, ఇంకా 70 లోపే ఉంటే మరో మూడు టీస్పూన్లు. తేరుకున్నాక టిఫిన్ చేయాలి. మంచం పక్కన మూత డబ్బాలో పంచదార, నీళ్ల సీసా, ఫోన్ ఉంచుకోండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, 108కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇక సూది సంగతి. ఒక్క రోజులో అంతా చేయాలనుకుంటే చేతులు వణుకుతాయి, ఒకసారి తప్పు జరిగితే ఇక నా వల్ల కాదనిపిస్తుంది. ధైర్యం ముందొచ్చి పని తర్వాత చేయడం అరుదు. చిన్న పని సరిగ్గా చేశాక అది దానంతటదే వస్తుంది. అందుకే మొదటి వారం సీసా పని మాత్రమే మీది. రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయండి. మందు అంతా పాలలా ఒకే తెలుపుగా కనపడాలి. అడుగున తెల్లటి గడ్డలు మిగిలితే ఆ సీసా వాడొద్దు. గట్టిగా కుదిపితే నురగ వచ్చి డోసు తప్పుతుంది.

రెండో వారం సిరంజి నింపడం. 22 గీత దాకా గాలి లాగి, దాన్ని సీసాలోకి వదిలి, సీసాను తిరగేసి మందు లాగాలి. బుడగ ఉంటే సిరంజిని వేలితో తట్టి బయటకు పంపండి. మీరు నింపింది కోడలు చూసి ‘సరే’ అంటే చాలు, సూది ఆమే చేస్తుంది. వరుసగా ఏడు రోజులు తప్పు రాకపోతే మూడో వారం ఆమె పక్కన ఉండగా మీరే చేసుకోండి. బొడ్డుకు మూడు వేళ్ల దూరం వదిలి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో మడత పట్టి సూది దింపండి. మందు పూర్తిగా ఎక్కించి, పది అంకెలు లెక్కపెట్టాక బయటకు తీయాలి. రోజూ కిందటిసారి చోటుకు వేలెడు దూరం జరగండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. నాలుగేళ్లుగా ఒకేచోట సూదులు పడి ఉంటే చర్మం కింద గట్టి గడ్డలు కట్టి ఉండవచ్చు. వేళ్లతో తడిమి చూసుకోండి. గడ్డలోకి పోయిన మందు ఒకరోజు సరిగా ఒంటికి పట్టదు, మరోరోజు ఒక్కసారిగా దిగుతుంది. కొత్త చోటుకు మారినప్పుడు అదే 22 యూనిట్లు ఎక్కువగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. కాబట్టి మారే ముందు మీ డాక్టర్‌కు చెప్పి, డోసు తగ్గించాలేమో అడిగి, ఆ వారం రోజుకు నాలుగుసార్లు షుగర్ చూసుకోండి.

మన దగ్గర ఎక్కువగా దొరికే సీసాల్లో మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు ఉంటాయి. వాటికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజి వాడాలి. పెన్‌లో వేసే కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటర్‌కు 100 యూనిట్లు. ఆ మందును 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది, ప్రాణం మీదకొస్తుంది. చూపు ఆనకపోతే, చెయ్యి మరీ వణికితే పెన్ గురించి డాక్టర్‌ను అడగండి, దానికి యూనిట్‌కో క్లిక్ వినపడుతుంది. మన ఎండల్లో మందు ఫ్రిజ్ తలుపు అరలోనే ఉంచి, అరగంట ముందు బయటకు తీయండి. ఫ్రీజర్‌లో వద్దు.

కోడలు ఈ మూడు వారాలూ మీకు గురువే. మీరు నేర్చుకున్నాక పొద్దున మీ టిఫిన్‌కు అరగంట ముందు, మీ వీలునుబట్టి సూది మీరే చేసుకోవచ్చు. ఆమెకూ భారం తగ్గుతుంది.

అమ్మాయి మిమ్మల్ని ప్రేమించే అడుగుతోంది. కానీ రోజూ అంకె చెప్పాలంటే పరీక్షలో మార్కులు చెప్పినట్టుంటుంది, అలా అయితే ఎవరైనా తగ్గించే చెబుతారు. నష్టం మీకే. పుస్తకంలో 130, 140 రాసి, మూడు నెలల పరీక్ష 9.2, అంటే సగటున దాదాపు 217 వస్తే, డాక్టర్ దేన్ని నమ్మి డోసు మార్చాలి? 9.2 చూసి పెంచారనుకోండి, తొమ్మిదింటి వణుకు ఇంకా ముదురుతుంది. ఆమెకు ఈ జవాబు చదివి వినిపించండి. ‘ఎంత?’కు బదులు ‘ఇవాళ సూది తర్వాత ఎప్పుడు తిన్నావమ్మా? నడిచావా?’ అని అడగమనండి. అంకె 300 అయినా పుస్తకంలో అదే రాయండి, పక్కన తిన్నది, తిన్న వేళ రాయండి. పండగ రోజున అరిసె తినాలనిపిస్తే దాచుకుని తినకండి. అందరి ముందు సగం తిని, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించండి.

మీ వయసులో, షుగర్ పడిపోతున్నవారికి మూడు నెలల పరీక్షలో లక్ష్యం 6 కాదు. 7.5 నుంచి 8 మధ్యకు వస్తే మంచిదే. 6కి లాగాలని పట్టుబట్టడం వల్ల షుగర్ తగ్గి, కింద పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకునేవాళ్లున్నారు.

మీవారు పోయి ఏడాదైందని ఒక్క మాటలో రాశారు. దిగులు కూడా షుగర్‌ను పెంచుతుంది, నిద్రనూ ఆకలినీ చెడగొడుతుంది. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఏం చేసినా ప్రయోజనం లేదనిపించడం ఉంటే అది వయసు కాదు, వైద్యం ఉన్న సమస్య. డాక్టర్‌కు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అపార్ట్‌మెంట్‌లోనో గుడిలోనో మీ ఈడువారెవరైనా సూది తామే చేసుకుంటుంటే ఒకసారి దగ్గరుండి చూడండి, నా మాట కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు మందు సీసా, సిరంజి, నిజం అంకెలున్న పుస్తకం, కోడలు, నాలుగూ మీ వెంట ఉండాలి. పొట్ట మీది గడ్డలు చూపించండి. క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోండి, కిడ్నీ పనితీరు తగ్గితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, వేళకు తిన్నా షుగర్ పడిపోవచ్చు.