బోర్డు కనిపిస్తే చాలు, ఇల్లంతా ఎందుకు?

ప్రశ్న: ఆదివారం రాత్రిళ్లు ఆరుగురం బోర్డు గేమ్ ఆడతాం. నలుగురం అనంతపురంలో ఒకే టేబుల్ దగ్గర, ఒకరు కర్నూలులో, ఒకరు బెంగళూరులో. హాలు గోడకున్న వైఫై సీసీ కెమెరా యాప్‌ను ఫోన్లో తెరిచి, వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తున్నాం. పాచికల చుక్కలు కనపడవంటారు, మాటలు బావిలోంచి వస్తున్నట్టున్నాయంటారు. మంచి కెమెరా, మైకు చెప్పండి.

జవాబు: ఇదే ప్రశ్న కడప నుంచీ, ఆదోని నుంచీ వచ్చింది. అందరిదీ అదే సీసీ కెమెరా ఉపాయం. కొత్తది కొనకండి, ముందు దాన్ని ఆట నుంచి తప్పించండి. దాని లెన్సు గది మొత్తం చూడటానికి చేసింది. అందులో మీ బోర్డు ఓ మూలకు అగ్గిపెట్టెంత. పైగా బొమ్మ సర్వర్ దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి ఒకట్రెండు సెకన్ల ఆలస్యం.

చుక్కలు కనపడకపోవడం చిన్న సంగతి. స్క్రీన్ షేర్‌లో ఉండగా బ్యాంకు ఓటీపీ వస్తే అది ఆరుగురికీ కనపడొచ్చు. అంతకన్నా భయపెట్టేది ఇంకొకటి: ఇలాంటి బృందాల్లో చాలామంది కెమెరా లాగిన్‌నే వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఆట ఆదివారం మూడు గంటలు. కెమెరా మాత్రం వారమంతా మీ హాలును చూస్తూనే ఉంటుంది, గ్రూపు వదిలి వెళ్లినవాడి ఫోన్లో కూడా. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రాం) లక్షల కెమెరాలు, వాటి దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌లు, రౌటర్లలోకి దూరింది. దాని దగ్గరున్న ఆయుధమల్లా ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై. ఇవాళ్టికీ అడ్మిన్ అనో, సొంత ఫోన్ నంబరో పెట్టుకునేవాళ్లకు ఏం చెప్పాలి?

ఈ రాత్రే చేయండి: యాప్‌లో షేర్ చేసిన యూజర్లందర్నీ తొలగించి, పాస్‌వర్డ్ మార్చండి. రౌటర్ సెట్టింగ్స్‌లో యూపీఎన్‌పీ ఆపండి. మిమ్మల్ని అడగకుండానే బయటి ఇంటర్నెట్‌కు పోర్టు, అంటే లోపలికి దారి, తెరిచేది అదే. కెమెరాను గెస్ట్ వైఫై (రౌటర్‌లోనే అతిథులకని విడిగా ఉండే నెట్‌వర్క్) మీదికి మార్చండి.

ఒకే ఇంట్లో కెమెరా, ఫోన్ పక్కపక్కనే ఉన్నా, ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఖాతా తెరిస్తే గానీ బొమ్మ చూపని పరికరాలను నేను ఒప్పుకోను. అది సౌకర్యం కాదు, మన ఇంటి తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టడం. 2025 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే సీసీ కెమెరాలకు మన దేశంలో భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. మంచిదే. అంతకుముందే గోడకెక్కినవాటి సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

ఆటకు పాత ఫోన్ చాలు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ తీసేసి, బ్యాంకు యాప్‌లేవీ లేకుండా కాల్‌లో ఏడో సభ్యుడిగా చేర్చండి. దాని మైకు, స్పీకర్ రెండూ ఆపాలి, లేదంటే కీచుమని కూస్తుంది. వెనక కెమెరానే వాడండి. అడుగున్నర బోర్డుకు ఫోన్ రెండున్నర అడుగుల ఎత్తులో, బోర్డు మీదికి నిటారుగా ఉండాలి. క్యారమ్ బోర్డంతటిదైతే నాలుగడుగులు. భజన మైకులకు వాడే బూమ్ స్టాండుకు మొబైల్ హోల్డర్ బిగించి, కాళ్ల మీద ఇసుక సంచి పెట్టండి. ఫ్యాన్ కొక్కేనికి మాత్రం వేలాడదీయొద్దు, బొమ్మ ఊగుతుంది.

ఫ్యాన్ ఆపి ఆడమని మన ఎండల్లో ఎవరూ చెప్పలేరు. అందుకే దీపాన్ని రెక్కల కింద, బోర్డుకు పక్కగా పెట్టండి. రెక్కల పైనుంచి వెలుగు పడితే బొమ్మ మినుకుమినుకుమంటుంది. బొమ్మలో అడ్డచారలు పాకుతుంటే కెమెరా సెట్టింగ్‌లో 60 హెర్ట్జ్ ఉన్నట్టు, మన కరెంటుకు తగ్గట్టు 50కి మార్చండి. నునుపు తేలిన నల్ల కడప బండ టేబుల్ అయితే దీపం అందులో అద్దంలోలా మెరుస్తుంది. పైగా నలుపు ఎక్కువైతే కెమెరా వెలుగు పెంచేసి తెల్ల పాచికల చుక్కలను మింగేస్తుంది. బూడిదరంగు గుడ్డ పరిస్తే రెండూ పోతాయి, పాచికల మోతా తగ్గుతుంది.

ఇక బావి గొంతు. కింద బేతంచెర్ల బండలు, పైన సిమెంటు కప్పు, చుట్టూ నున్నటి గోడలు. శబ్దాన్ని పీల్చుకునేదే లేదు. కాల్ యాప్‌లో ఉండే ఎకో క్యాన్సలేషన్ స్పీకర్లోంచి వచ్చే శబ్దాన్ని తీసేస్తుంది గానీ, గోడ తిప్పికొట్టిన మీ గొంతును తీయలేదు. టేబుల్ కింద జంపఖానా పరిచి, ఎదురు గోడకు ఓ బొంతో కంబళో వేలాడదీయండి. మైకు ప్రతి ఒక్కరికీ రెండడుగుల లోపే ఉండాలి. దూరం రెట్టింపైతే గొంతు తగ్గుతుంది, గది మోత తగ్గదు. నలుగురికీ కలిపి ఒకే స్పీకర్‌ఫోన్ (మైకు, స్పీకర్ కలిసి ఉండే పరికరం) పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఉంచండి, టేబుల్ అదురు ఎక్కదు. మిగతా ఫోన్లలో ఆడియో పూర్తిగా ఆపేయండి. కాల్ యాప్‌లో చుట్టుపక్కల చప్పుళ్లను తీసేసే నాయిస్ సప్రెషన్‌ను తక్కువలో పెట్టండి. అప్‌డేట్ అయ్యాక అది దానంతటదే ఎక్కువకు మారి, పాచికల చప్పుడుతో పాటు మెల్లగా మాట్లాడేవారి మాటల్నీ కోసేస్తే, అది పనికిమాలిన డిజైనే.

కరెంటు పోతే ఫోన్ బతుకుతుంది, రౌటర్ పోతుంది. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ చూసి, దానికి సరిపడే మినీ యూపీఎస్ పెట్టండి. ఆట మొదలయ్యే ముందు ఒక పాచిక వేసి, కర్నూలు మిత్రుణ్ణి అంకె చదవమనండి. చదవలేకపోతే ఫోన్ కదల్చకుండా ముందు దీపాన్ని జరపండి.