పర్లాకిమిడిలో 1973 అంబాసిడర్ అమ్మకానికి ఉంది, కొని బాగుచేయించుకోవచ్చా?

ఇచ్ఛాపురం నుంచి అడిగారు: మార్క్ 2 బండి, ఇంజిన్ పట్టేసింది, ఓనరు గారు పోయారు, కొడుకులు అమ్ముతున్నారు, తీసుకోవచ్చా అని. నాది బరంపురం. గుణుపురంలో ఓ ఇంటి పోర్టికోలో ఏళ్లతరబడి నిలిచిపోయిన ఇదే మోడల్ కొని బాగుచేయించుకున్నాను. ఇప్పుడు ఇంటిల్లిపాదీ అందులోనే గోపాల్‌పూర్ వెళ్లొస్తాం. కాబట్టి తీసుకోండి అనే అంటాను. కాకపోతే ఇంజిన్ గురించి బెంగ వద్దు. ముందు రేకు చూడండి, ఆ వెంటనే కాగితాలు.

అంబాసిడర్‌కి జీపులా విడిగా ఛాసీ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే ఛాసీ. అడుగు రేకు, డోర్ల కింద పొడుగ్గా నడిచే పెట్టెలాంటి భాగం, వెనక కమాన్ కట్టలు బిగించే చోట్లు తుప్పు తినేస్తే పైన ఎంత పెయింటు వేసినా దండగే. మ్యాట్లు ఎత్తించి చూడండి. డ్రైవర్ కాళ్ల దగ్గర తారు పూసి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ అయితే చప్పుడు లోపలే అణిగిపోతుంది. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి డోర్ల కింద, చక్రాల పైన ఆనించండి. అంటుకోని చోట రేకు లేదన్నమాటే. ఆఖరికి ఒక పక్క జాకీ పెట్టి లేపి, ఆ పక్క డోరు తెరిచి మూయండి. సరిగ్గా పడకపోతే బాడీ కుంగినట్టే, ఇక బేరం వద్దు.

గుణుపురం బండి కంటే ముందు ఛత్రపురం వైపు ఒకటి చూశాను. పెయింటు అద్దంలా మెరుస్తోంది. అయస్కాంతం పెడితే డోరు కింద జారి నేలమీద పడింది. సముద్రపు గాలి తిన్న బండి అది. గుణుపురం బండికి రంగు వెలిసిపోయింది గానీ అడుగు గట్టిగా ఉంది, అందుకే దాన్నే తీసుకున్నాను. మీరు చూసే బండి విషయంలో ఇంకోటి కూడా అడగండి: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఎక్కడుంది, నీళ్లలో మునిగిందా? పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో అప్పుడు వరద గట్టిగానే వచ్చింది. మునిగిన బండికి వైరింగు మొత్తం మార్చాల్సిందే.

పట్టేసిన ఇంజిన్ చాలాసార్లు వదులుతుంది. 1489 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, పాత మెకానిక్‌లకి కొట్టిన పిండి. మాది ఎలా వదిలిందంటే, ప్లగ్గులు తీసి ఆ కంతల్లోంచి డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోసి నానబెట్టాం. రోజూ స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి ఇటు కాస్త, అటు కాస్త. బలం పెడితే రింగులు విరుగుతాయి. కదిలాక కూడా వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ట్యాంకు దింపి కడిగించండి, ఆయిల్ మార్పించండి, నాలుగు చక్రాల బ్రేక్ సిలిండర్లూ కొత్తవి వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు గొట్టాలు, పెట్రోల్ పంపులోని డయాఫ్రమ్ తట్టుకోవు, అవీ మార్చేయండి.

నా ఖర్చులో సగం పైన టింకరింగుకే, అంటే రేకు పనికే పోయింది. మా డెంటర్ అన్న కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేశాడు. పుట్టీతో పూడ్చేస్తానన్న వాడికి మాత్రం బండి అప్పగించకండి.

అంబాసిడర్లు తయారుచేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. అయినా ఇంజిన్ సామాన్లకి లోటు లేదు. దొరకనివి మార్క్ 2 గళ్ల గ్రిల్లు, బ్యాడ్జీలు, లైటు రింగులు. అవి బండిమీద ఉన్నాయో లేదో చూసుకునే రేటు మాట్లాడండి. నాకు లేనివి కలకత్తా మల్లిక్ బజార్లో దొరికాయి. బరంపురంలో రాత్రి రైలెక్కితే పొద్దున్నే హౌరాలో దిగొచ్చు.

ఇక కాగితాలు. గజపతి జిల్లా 1992లో గంజాం నుంచి విడిపోయింది, కాబట్టి ఆ సీ బుక్కు (రిజిస్ట్రేషన్ పుస్తకం) పాత గంజాం జిల్లాదై ఉండొచ్చు. ఇంత పాత రికార్డు ఆన్‌లైన్లోకి ఎక్కిందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి. ఓనరు పోయారు గనుక ముందు వారసుల్లో ఒకరి పేరుకి ఫారం 31తో మార్పించుకోవాలి, మిగతావాళ్ల ఒప్పుకోలు కూడా కావాలి. ఆ తర్వాతే మీ పేరుకి ఫారం 29, 30. ఒడిశా నుంచి ఆంధ్రాకి తీసుకెళ్లడానికి ఫారం 28తో ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం). అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయిస్తే ఆంధ్రా నంబరు వస్తుంది, లైఫ్ ట్యాక్సూ పడుతుంది. ఓఆర్‌తో మొదలయ్యే ఆ పాత ఒడిశా నంబరు పోతుంది, నాకైతే ప్రాణం ఒప్పేది కాదు.

50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కొత్తగా చేయించాలంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ రోజువారీ తిరగడానికి కుదరదు. పిల్లల్ని ఎక్కించుకుని పలాస దాకా వెళ్లిరావాలంటే మామూలు రిజిస్ట్రేషనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు మ్యాట్లు ఎత్తి అడుగు ఫొటోలు, సీ బుక్కు మొదటి పేజీ ఫొటో తీసుకోండి. అడుగు ఫొటోలు ఇక్కడ పెడితే మా డెంటర్‌కి చూపించి ఎంతవుతుందో అడిగి చెప్తాను.