లో-కార్బ్ మొదలుపెట్టాక ఎల్‌డీఎల్ 200 దాటింది, ఈ రిపోర్ట్‌ని ఎలా చూడాలి?

మీ ప్రశ్న చదువుతుంటే రెండేళ్ల కిందటి నా రిపోర్టే మళ్లీ చేతిలోకి వచ్చినట్టయింది. ఎనిమిది నెలలుగా లో-కార్బ్ తింటున్నారు, పద్నాలుగు కిలోలు తగ్గారు, షుగర్ అదుపులోకి వచ్చింది, రక్తంలో తిరిగే కొవ్వులు, అంటే ట్రైగ్లిజరైడ్స్, సగానికి పడిపోయాయి. చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ మాత్రం 118 నుంచి 205కి ఎగబాకింది. డాక్టర్ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రాశారు, లో-కార్బ్ చేసే స్నేహితులు ఆ చీటీ చింపేయమంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

నేను డాక్టర్‌ని కాను. మీ స్నేహితులు చెప్పే వాదనలన్నీ ఒకప్పుడు నేను డాక్టర్ ముందు కూర్చుని చేశాను. అందుకే ఆ రోజు సంగతి ముందు చెప్తాను.

లో-కార్బ్‌కి ముందు నా అంకెలు, డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో, ఇవి: టోటల్ కొలెస్ట్రాల్ 214, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్స్ 210, ఎల్‌డీఎల్ 131. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3, అంటే డయాబెటిస్ గడప దగ్గర ఉన్నాను. పద్నాలుగు నెలలు అన్నం, బ్రెడ్, చక్కెర మానేశాక హెచ్‌బీఏ1సీ 5.4కి దిగింది. ట్రైగ్లిజరైడ్స్ 65, హెచ్‌డీఎల్ 68. కానీ టోటల్ 301, ఎల్‌డీఎల్ 220.

ఆ రిపోర్ట్ తీసుకుని వెళ్లేటప్పుడు నాకు భయం లేదు. రాత్రంతా చదివి సిద్ధమై వెళ్లాను. ట్రైగ్లిజరైడ్స్‌ని హెచ్‌డీఎల్‌తో భాగిస్తే ఇదివరకు 5 వచ్చేది, ఇప్పుడు 1 కూడా రావట్లేదు, ఇది చాలా మంచి గుర్తు అన్నాను. నా ఎల్‌డీఎల్ కణాలు పెద్దవై ఉంటాయి, పెద్ద కణాలు హాని చెయ్యవు అన్నాను. కూర్చున్న దగ్గర్నుంచి దాదాపు పదిహేను నిమిషాలు నేనే మాట్లాడాను. డాక్టర్ మేడమ్ మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక రిపోర్ట్ తిరగేసి వెనక ఖాళీ వైపు పెన్నుతో లెక్క రాశారు. 301లోంచి 68 తీసేశారు, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు, అంటే 13 తీసేశారు. 220 వచ్చింది.

"ఈ 220 మెషీన్ కొలిచింది కాదు. ఇలా లెక్కగట్టింది" అన్నారు.

నేను వెంటనే అందుకున్నాను. "చూశారా మేడమ్, కొలవనే లేదు, ఉత్త లెక్కే కదా!"

"సరే, లెక్క వదిలేద్దాం" అని ఆమె 301, 68 చుట్టూ మాత్రం సున్నాలు చుట్టారు. "ఈ రెండూ కొలిచినవే. ఒకదాన్లోంచి ఒకటి తీస్తే 233. రక్తనాళాల్లో పూడిక పెంచగల కణాలన్నిట్లో ఉన్న కొలెస్ట్రాల్ మొత్తం ఇది. దీన్ని ఏ ఫార్ములా మీదకి నెడతారు?"

నా దగ్గర సమాధానం లేదు. అప్పుడు పెన్ను పక్కన పెట్టి అడిగారు. "మీ నాన్నగారు ఉన్నారా?"

లేరు. 54 ఏళ్లకి గుండెపోటుతో పోయారు. నిద్రలోనే. ఆయన కొలెస్ట్రాల్ ఎంతో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ పరీక్ష చేయించలేదు. రాత్రంతా చదివిన వాటిలో నాన్న సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. దానికి మాత్రం ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు మీ రిపోర్ట్ సంగతి. ఆమె వేసిన ఆ లెక్క ఫ్రీడ్‌వాల్డ్ ఫార్ములా. 1972లో వచ్చింది. చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ని ఇప్పటికీ ఇలాంటి లెక్కతోనే ఇస్తాయి. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ ఫార్ములా పనికిరాదు, ఎల్‌డీఎల్ బాగా తక్కువున్నవాళ్లలోనూ తప్పుతుంది. కానీ మీకూ నాకూ ఉన్న అంకెల దగ్గర 205ని 120 చేసేంత తేడా రాదు. మీరు ఉంటున్న చోట రిపోర్ట్ లీటరుకి మిల్లీమోల్స్‌లో వస్తే ఈ 205 అనేది 5.3 అని కనిపిస్తుంది. కొలెస్ట్రాల్ అంకెని 38.67తో, ట్రైగ్లిజరైడ్స్‌ని 88.57తో గుణించి చూసుకోండి. చాలామంది యూనిట్ చెప్పకుండా అంకె మాత్రం రాసి "ఇది ఎక్కువేనా" అని అడుగుతారు. దయచేసి యూనిట్ రాయండి. పది నిమిషాలు ఆలోచించి జవాబు రాశాక అది వేరే యూనిట్ అని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పరీక్ష ఏ పరిస్థితిలో చేయించారన్నది కూడా చూసుకోండి. బరువు బాగా తగ్గుతున్న దశలో కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పెరగొచ్చని 1991లోనే ఒక పరిశోధన చూపించింది. బరువు ఒకచోట నిలిచి కొన్ని వారాలైన తర్వాత చేయించిన పరీక్షనే నేను నమ్ముతాను. పది, పన్నెండు గంటల ఉపవాసం చాలు. లో-కార్బ్‌లో ఆకలి వెయ్యదు కాబట్టి కొందరు ఇరవై గంటలు ఏమీ తినకుండా వెళ్తారు, అది మంచిది కాదు, అంకెలు మారిపోతాయి. పొద్దున్నే కాఫీలో వెన్న వేసుకుని తాగి వెళ్లడం ఇంకా తప్పు. ట్రైగ్లిజరైడ్స్ పెరిగి కనిపిస్తాయి. జ్వరంలో ఉన్నప్పుడు చేయించకండి. థైరాయిడ్ నెమ్మదిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష కూడా చూడమనండి. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా 190 పైనే ఉంటే, కణాల సైజు మాటలు కట్టిపెట్టి డాక్టర్ దగ్గర కూర్చోవాలని నా గట్టి అభిప్రాయం. మీకు ఊరటనిచ్చే విషయం ఒకటుంది. లో-కార్బ్‌కి ముందు మీ ఎల్‌డీఎల్ 118. సుమారు 250 మందిలో ఒకరికి పుట్టుకతోనే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే జన్యు లోపం ఉంటుంది. మామూలు తిండి మీద 118 ఉన్న మనిషికి అది ఉండే అవకాశం బాగా తక్కువ. అంటే మీకు పెరిగింది చాలావరకు తిండి వల్లే అయ్యుండాలి, తిండితోనే చాలావరకు దిగొచ్చు.

పెద్ద కణాలు హాని చెయ్యవన్న మాటని నేను చాలాకాలం నమ్మాను. నా నమ్మకం పోయింది ఆ జన్యు లోపం ఉన్నవాళ్ల గురించి చదివాకే. వాళ్ల ఎల్‌డీఎల్ కణాలు సాధారణంగా పెద్దవే. అయినా చికిత్స లేకపోతే వాళ్లకి చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయి. దీనికి ఎదురు వైపు ఇంకో సంగతి ఉంది. పీసీఎస్‌కే9 అనే జన్యువు పుట్టుకతో సరిగ్గా పనిచెయ్యని కొందరిలో జీవితమంతా ఎల్‌డీఎల్ తక్కువగా ఉంటుంది. 2006లో వచ్చిన పరిశోధనలో అలాంటి నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ. ఆ తేడా డైట్ వల్లో, మందు వల్లో కాదు, పుట్టుకతో వచ్చింది. ఈ ఒక్క విషయం నన్ను మార్చినంతగా ఇంకేదీ మార్చలేదు.

మరి లో-కార్బ్‌లో ఎల్‌డీఎల్ ఎందుకు పెరుగుతుంది? ఎల్‌డీఎల్‌ని రక్తంలోంచి లాగేసే రిసెప్టర్లు కాలేయం మీద ఉంటాయి. వాటిని కనుక్కున్నందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. శాచురేటెడ్ కొవ్వు ఎక్కువ తింటే ఆ రిసెప్టర్ల పని తగ్గుతుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంటుంది. నేను పొద్దున కాఫీలో రెండు పెద్ద చెంచాల వెన్న, వంటంతా కొబ్బరి నూనెతో, రాత్రి క్రీమ్. పెద్ద చెంచా వెన్నలో శాచురేటెడ్ కొవ్వు సుమారు 7 గ్రాములు, కొబ్బరి నూనెలో 12 దాకా ఉంటుంది. అదే ఆలివ్ నూనెలో 2 గ్రాములు. నేను మానేసిన కార్బ్ గురించి అందరికీ చెప్పేదాన్ని. దాని బదులు ఏం తింటున్నానో లెక్క చూసుకోలేదు. మనుషులేమో అంతా పోయి గుడ్డు మీద పడతారు. రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మించకూడదన్న పరిమితిని అమెరికా ఆహార మార్గదర్శకాల్లో 2015లోనే తీసేశారు. గుడ్డు కొందరికి కొంచెం పెంచుతుంది, నిజమే. కానీ ఎల్‌డీఎల్ 90 పాయింట్లు పెరగడానికి రెండు గుడ్లు కారణమంటే నేను ఒప్పుకోను.

సన్నగా ఉండి బాగా వ్యాయామం చేసేవాళ్లలో ఇంకో రకం ఉంది. కార్బ్ బాగా తగ్గించగానే వాళ్ల ఎల్‌డీఎల్ 200 దాటిపోతుంది, హెచ్‌డీఎల్ 80 పైన, ట్రైగ్లిజరైడ్స్ 70 లోపు. వీళ్లని లీన్ మాస్ హైపర్ రెస్పాండర్స్ అంటున్నారు. రోజుకి కొంత కార్బ్ తిరిగి తింటే వీళ్లలో చాలామందికి అంకె దిగుతుంది. పేరు పెట్టినంత మాత్రాన అది ప్రమాదం లేని స్థితి అయిపోదు. చాలామంది ఆ పేరుని బిరుదులాగా చెప్పుకుంటున్నారు, అది చూస్తే నాకు భయమేస్తుంది.

ఇంకో బాధ కూడా ఇక్కడే చెప్పేస్తాను. ల్యాబ్‌ల వాళ్లు ఎనభై పరీక్షల ప్యాకేజీ అని అమ్ముతారు. లో-కార్బ్ చేసేవాళ్లకి నిజంగా పనికొచ్చే రెండు పరీక్షలు అందులో తరచూ ఉండవు. ఒకటి అపోబి. పూడిక పెంచే ప్రతి కణానికీ ఒక్కటే అపోబి ప్రోటీన్ ఉంటుంది, కాబట్టి అది కణాల తల లెక్క. సైజు గొడవ ఇక్కడితో తీరిపోతుంది. నాది 142 వచ్చింది. 130 దాటితే ముప్పు పెంచే అంశంగా చూడాలని 2018 అమెరికా మార్గదర్శకాలు అంటాయి. రెండోది లైపోప్రోటీన్ ఎ, ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కణం, ఎక్కువుంటే గుండెకి ముప్పు. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. ఈ రెండూ నేను అడిగి మరీ విడిగా చేయించుకోవాల్సి వచ్చింది. రిపోర్ట్‌లో నాలుగైదు చోట్ల ఎరుపు రంగు పెట్టి పంపేస్తారు. ఏది ముఖ్యమో, ఏది కాదో చెప్పే మనిషి ఉండడు.

నేను లో-కార్బ్ మానలేదు. షుగర్ మళ్లీ పెరగడం నాకు ఇష్టం లేదు. వెన్న, క్రీమ్, కొబ్బరి నూనె తీసేసి ఆలివ్ నూనె, బాదం, అక్రోట్లు, చేపలు పెట్టాను. చిక్కుడు గింజలు, పప్పులు, కొంచెం పండ్లు కలుపుకుని రోజుకి 80 గ్రాముల కార్బ్ దాకా వచ్చాను. రాత్రి రెండు చెంచాల ఇసబ్గోల్ పీచు నీళ్లలో కలుపుకుని తాగాను. పదకొండు వారాల తర్వాత టోటల్ 226, హెచ్‌డీఎల్ 61, ట్రైగ్లిజరైడ్స్ 85, ఎల్‌డీఎల్ 148. అపోబి 101. హెచ్‌బీఏ1సీ 5.5, అంటే షుగర్ దాదాపు అక్కడే ఉంది. ఆ 220లో 72 పాయింట్లు నా కాఫీ కప్పులోంచి, నా మూకుడులోంచి వచ్చినవే.

మిగతా 148 సంగతికి, నాన్న వయసు దృష్టిలో పెట్టుకుని మేడమ్ తక్కువ డోస్ స్టాటిన్ మొదలుపెట్టారు. ఈసారి నేను వాదించలేదు. ఇప్పుడు 84. మీ విషయంలో స్టాటిన్ కావాలో వద్దో నేను చెప్పలేను, మీ స్నేహితులూ చెప్పలేరు. మీకు మూడు నెలలు తిండి మార్చి చూడాలనుంటే అదే మాట డాక్టర్‌తో నేరుగా అనండి. ముందే గుండె జబ్బు, మరో పెద్ద ముప్పు లేకపోతే చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. చీటీ చింపేసి, అడిగితే వేసుకుంటున్నానని అబద్ధం చెప్పడం మాత్రం వద్దు.

నా లైపోప్రోటీన్ ఎ మామూలుగానే వచ్చింది. అది వంశపారంపర్యం కదా అని తమ్ముడికి ఫోన్ చేసి నువ్వూ చేయించుకో అన్నాను. వాడికి 41. సన్నగా ఉంటాడు, ఏ డైట్ జోలికీ పోలేదు, ఎల్‌డీఎల్ 124. చూసినవాళ్లెవరూ కంగారుపడే అంకె కాదు. లైపోప్రోటీన్ ఎ 168 నానోమోల్స్ వచ్చింది. 125 దాటితేనే ఎక్కువ అంటారు. రిపోర్ట్ ఫొటో పంపి వెంటనే ఫోన్ చేశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నాన్నది కూడా ఇదేనేమో" అన్నాడు.

మీ ప్రశ్నలో మీ ఇంట్లోవాళ్ల గురించి ఒక్క ముక్క కూడా లేదు. అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికి ఏ వయసులో గుండె జబ్బు వచ్చిందో కనుక్కుని, కాగితం మీద రాసుకుని, డాక్టర్ దగ్గరికి అది తీసుకెళ్లండి.